గుర్తులు సరిగా లేని కొండబాటల్లో దారి ఎలా పట్టుకుంటారు?

ఎర్రబూట్లు
బాట మొదట్లో పెద్ద బోర్డు, దాని మీద రంగుల మ్యాప్, నాలుగు అడుగులకో చెట్టు మీద పెయింట్ గుర్తు. అది చూసి పైదాకా ఇలాగే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు కదా. చాలాసేపు నడిచాక ఒక గడ్డి మైదానం వచ్చింది, అక్కడితో గుర్తులు బంద్. మైదానం అవతల మూడు సన్నటి బాటలు, మూడూ ఒకేలా ఉన్నాయి. ఫోన్‌లో యాప్ ఏమో ఈ మూడింటితో సంబంధం లేకుండా ఇంకోచోట, నిటారుగా ఉన్న రాతిగోడ మీదుగా గీత చూపిస్తోంది. చీకటి పడటానికి టైం ఉంది గానీ ఏదో ఒకటి పట్టుకుని పోదామంటే మనసొప్పలేదు, అందరం వెనక్కి వచ్చేశాం. వచ్చినందుకు బాధ లేదు. కానీ అవసరం లేని చోట పది గుర్తులు పెట్టి, దారి చీలే చోట ఒక్కటీ పెట్టకపోవడం ఏంటి? ఇలాంటి చోట మీరు ఏం చూసి నిర్ణయిస్తారు? "అనుభవం మీద వస్తుంది" అని మాత్రం చెప్పకండి, కళ్లతో ఏం చూడాలో చెప్పండి.

మబ్బులకొండ
గుర్తులు పెట్టేవాళ్లకి ఆ దారి కొట్టిన పిండి, సమస్య అక్కడే. తెలిసినవాళ్లకి చీలిక అసలు చీలికలాగే కనబడదు, కాళ్లు వాటంతట అవే సరైన వైపు తిరుగుతాయి. ఎప్పుడూ రాని మనిషిని ముందు నడిపించి, ఆ మనిషి తటపటాయించిన ప్రతిచోటా ఒక గుర్తు పెడితే సగం గొడవ తీరిపోతుంది.

గుట్టలగాలి
మైదానంలో పెయింట్ వేయడానికి చెట్టూ ఉండదు, బండా ఉండదు. పాతిన కర్రల్ని పశువులు ఒళ్లు రుద్దుకుని పడేస్తాయి. వాళ్లని మరీ తిట్టకండి.

మ్యాప్_మావయ్య
కళ్లతో ఏం చూడాలని అడిగారు కాబట్టి అదే చెబుతాను.

మైదానంలో గానీ, బండపరుపు మీద గానీ బాట మాయమైతే మధ్యలో నిలబడి వెతకొద్దు. మీరు లోపలికి వచ్చిన చోటు గుర్తుపెట్టుకుని, వీలైతే ఒకరిని అక్కడే ఉంచి, అంచు వెంబడి చుట్టూ తిరగండి. మధ్యలో జనం తలో దిక్కూ నడుస్తారు కాబట్టి జాడ పలచబడిపోతుంది, కానీ మళ్లీ చెట్లలోకి దూరే చోట అందరూ ఒకే సందులోంచి పోవాలి కదా, అక్కడ నేల అరిగి పల్లంగా ఉంటుంది.

మూడు బాటలు కనబడితే ఒక్కోదాంట్లో కొంచెం లోపలికి వెళ్లి కొమ్మలు ఏ ఎత్తు దాకా ఖాళీగా ఉన్నాయో చూడండి. జంతువుల బాట అయితే నడుము ఎత్తుకల్లా కొమ్మలు అడ్డం వస్తాయి, వంగి దూరాల్సి వస్తుంది. మనుషుల బాట తల ఎత్తు దాకా ఖాళీగా ఉంటుంది, ఎక్కడో ఒకచోట రంపంతోనో కత్తితోనో కోసిన కొమ్మ మొదలు నున్నగా కనబడుతుంది. విరిగిన కొమ్మ ఏమీ చెప్పదు, కోసిన కొమ్మ చెబుతుంది. తర్వాత వేర్లు. బూట్లు పడీపడీ బాటకి అడ్డంగా ఉన్న వేర్ల పైన బెరడు పోయి మెరుపు వస్తుంది. రాతి నేలైతే నాచు చూడండి, జనం అడుగులు పడే వరసలో నాచు అరిగిపోయి రాయి పాలిపోయినట్టు ఉంటుంది, అటూ ఇటూ మాత్రం నల్లగా, గరుకుగా ఉంటుంది. దగ్గరగా వంగి చూస్తే ఇది తెలియదు, తలెత్తి ముందు ఇరవై ముప్పై అడుగుల దూరం చూస్తే ఒక లేత చారలా కనబడుతుంది.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే వెనక్కి రావడమే. మీరు చేసింది అదే, అందులో చర్చే లేదు.

మేకలదారి
నా పేరుకి న్యాయం చేస్తూ ఒక మాట. మేకల బాట చక్కగా అరిగి, చక్కగా సాగి, ఎక్కడో మంచి మేత ఉన్నచోట పది పాయలుగా చీలి ఆగిపోతుంది. మేకలకి శిఖరంతో పనేముంది.

చుక్కలరాత్రి
మావయ్య చెప్పినదానికి తోడు ఇంకోటి. పక్కబాటకి అడ్డంగా ఒక కొమ్మో, చిన్న రాళ్ల వరసో పెట్టి ఉంటే అది "ఇటు కాదు" అని ఎవరో చెప్పినట్టు. గాలికి పడిన కొమ్మ అనుకుని దాటి పోయేవాళ్లని ఎంతమందిని చూశానో.

ఆఫ్‌లైన్_పక్షి
ఇంత కష్టం ఎందుకండీ. బయల్దేరే ముందు రెండు యాప్‌లలో మ్యాప్, ట్రాక్ (దారి గీత) డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుంది. జీపీఎస్‌కి నెట్‌వర్క్ అక్కర్లేదు, ఫోన్ కేవలం ఉపగ్రహాల నుంచి సిగ్నల్ అందుకుంటుంది, అంతే. ఫ్లైట్ మోడ్‌లో కూడా పనిచేస్తుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది.

ఎర్రబూట్లు
యాప్ రాతిగోడ ఎక్కమందని రాశాను కదా బ్రో.

నిదానం
@ఆఫ్‌లైన్_పక్షి మీరు చెప్పింది తప్పు కాదు, సగమే. జీపీఎస్ మీరు ఎక్కడున్నారో చెబుతుంది. బాట ఎక్కడుందో చెప్పేది ఆ గీత గీసిన మనిషి. ఆ మనిషి నిజంగా నడిచాడా, ఇంట్లో కూర్చుని మౌస్‌తో గీశాడా అన్నది చూసుకోవాలి. ఇది తెలుసుకోవడం తేలికే. గీతని బాగా పెద్దది చేసి చూడండి. నడుస్తూ రికార్డు చేసిన ట్రాక్ సన్నగా వణుకుతూ ఉంటుంది, ఆగిన చోట చిక్కుపడినట్టు ముడి కనబడుతుంది. చేత్తో గీసినది పొడుగాటి తిన్నని ముక్కలుగా, కోణాలుగా ఉంటుంది. రాతిగోడ మీదుగా తిన్నగా పోయిందంటే అది రెండో రకమే అయ్యుంటుంది.

ఇంకో సంగతి. ఒకే బాట మీద పదిమంది ట్రాకులు దొరికితే అన్నీ ఒకదానిమీద ఒకటి వేసి చూడండి. ఏదో ఒకచోట అందరి గీతలూ కాస్త ముందుకెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి, ఇంకోవైపు తిరిగి ఉంటాయి. అంటే అక్కడ అందరూ పొరబడ్డారని అర్థం. ఇంట్లో ఉండగానే ఆ చోటుని మ్యాప్ మీద ఎర్రగా గుర్తుపెట్టుకోండి. సరైన దారి కంటే ఈ తప్పుదార్ల సమాచారమే నాకు ఎక్కువ పనికొస్తుంది.

ఆఫ్‌లైన్_పక్షి
తప్పుదార్ల ఐడియా నాకు తట్టలేదు, బాగుంది. కానీ ఫోన్ మీద మీ అందరికీ ఉన్న కోపం మాత్రం నాకు అర్థం కాదు. పేపర్ మ్యాప్ తీసుకుని "నేను ఎక్కడున్నాను" అని తెలుసుకోవడానికి అరగంట పడుతుంది, ఫోన్ రెండు సెకన్లలో చెబుతుంది.

రాళ్లవాగు
కోపం కాదు, నమ్మకం ఎంతవరకూ అన్నదే మాట. 2000 మే దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలనే తక్కువ ఖచ్చితత్వంతో ఇచ్చేది, అది ఎత్తేశాకే ఇప్పుడు మనం వాడే స్థాయికి వచ్చింది. ఆకాశం బాగా తెరుచుకుని ఉన్నచోట ఫోన్ 5 మీటర్ల లోపు తేడాతో చూపించగలదు. ఇరుకు లోయలోనో, దట్టమైన తడి చెట్ల కిందో అయితే సిగ్నల్ రాళ్లకి తగిలి తిరిగొచ్చి చుక్క అటూ ఇటూ గెంతుతుంది. రెండు బాటలు పక్కపక్కనే చీలి పోతున్న చోట ఆ తేడా చాలు, మొదటి కాసేపు రెండూ సరైనవే అన్నట్టు చూపిస్తుంది. అందుకే చీలిక దాటిన వెంటనే కాకుండా కొంచెం ముందుకెళ్లి ఇంకోసారి చూడాలి.

పేపర్_పులి
చలికి ఫోన్ బ్యాటరీ ఎంత త్వరగా పడిపోతుందో చూసినవాళ్లు ఎవరూ ఒక్క ఫోన్ మీద కొండెక్కరు. లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉంచండి. పవర్ బ్యాంక్ కూడా అంతే.

వానకోయిల
మా గ్రూపులో ఒకరి ఫోన్ కంపాస్ రోజంతా తప్పు చూపించింది. చివరికి చూస్తే ఫోన్ కవర్‌కి అయస్కాంతం మూత ఉంది. తీసేయగానే సరిపోయింది. మామూలు కంపాస్‌ని కూడా ఫోన్ పక్కన పెట్టి చూస్తే ముల్లు జరుగుతుంది, చూడండి.

మ్యాప్_మావయ్య
కంపాస్ మాట వచ్చింది కాబట్టి. ముల్లు చూపించే ఉత్తరం, మ్యాప్ మీద ఉండే ఉత్తరం ఒకటి కావు. కొన్నిచోట్ల తేడా దాదాపు సున్నా, కొన్నిచోట్ల 10, 20 డిగ్రీల దాకా ఉంటుంది, పైగా ఏళ్లు గడిచేకొద్దీ మారుతూ ఉంటుంది. వెళ్లే చోట ఎంతో ముందే చూసుకోండి. పట్టించుకోకపోతే ఏమవుతుందంటే, 5 డిగ్రీలు తప్పితే కిలోమీటరు నడిచేసరికి దాదాపు 87 మీటర్లు పక్కకి పోతారు. 10 డిగ్రీలైతే 175 మీటర్లు. మబ్బులో 175 మీటర్లంటే బాట అసలు కంటపడదు.

దీనికి పాతకాలం నుంచి ఒక ఉపాయం ఉంది. వాగు మీద వంతెన దగ్గరికి పోవాలనుకోండి. తిన్నగా వంతెన వైపే గురిపెడితే వాగు దగ్గరికి చేరాక వంతెన కుడివైపు ఉందో ఎడమవైపు ఉందో తెలియదు. అందుకని కావాలనే కాస్త ఎడమకి గురిపెట్టండి. వాగు తగలగానే కళ్లు మూసుకుని కుడికి తిరగొచ్చు.

ఎర్రబూట్లు
ఇది అద్భుతం మావయ్యా. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

సొంతదారి
ఇన్ని లెక్కలు వేస్తే ట్రెక్‌లో ఆనందం ఏముంటుంది. దిక్కు తెలిస్తే చాలు, సూర్యుడు ఉన్నాడు, చెట్ల మీద నాచు ఉత్తరం వైపే పెరుగుతుంది, నడుచుకుంటూ పోతే ఎక్కడో అక్కడ తేలతాం.

నిదానం
నాచు తడీ నీడా ఉన్నచోట పెరుగుతుంది, దట్టమైన అడవిలో చెట్టు చుట్టూ పెరుగుతుంది. దాన్ని నమ్మొద్దు. సూర్యుడు కూడా ఏడాదిలో రెండు సమయాల్లోనే, మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల దగ్గర, సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. భూమధ్యరేఖ దగ్గర కూడా మిగతా రోజుల్లో 23 డిగ్రీల దాకా పక్కకి జరుగుతాడు, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ. ఉజ్జాయింపుగా పనికొస్తాడు, అంతే. రాత్రిపూట ఉత్తరార్ధగోళంలో ధ్రువ నక్షత్రం మాత్రం గట్టి గుర్తు, అసలు ఉత్తరానికి ఒక డిగ్రీ లోపే ఉంటుంది.

చుక్కలరాత్రి
"నడుచుకుంటూ పోతే తేలతాం" అన్నదానికి నేను జవాబిస్తాను. 2009లో జర్మనీ పరిశోధకులు మనుషుల్ని తెలియని అడవిలోనూ, సహారా ఎడారిలోనూ తిన్నగా నడవమని జీపీఎస్ పెట్టి గమనించారు. సూర్యుడో చంద్రుడో కనబడుతున్నంతసేపు ఉజ్జాయింపుగా తిన్నగానే నడిచారు. మబ్బు పట్టిన రోజున అడవిలో నడిచినవాళ్లు గుండ్రంగా తిరిగి తమ జాడనే తాము దాటారు, అదీ తెలియకుండా. కళ్లకి గంతలు కట్టి నడిపిస్తే కొందరు 20 మీటర్ల వెడల్పు వలయాల్లో తిరిగారు. ఇది కాలు పొట్టీ పొడుగుల వల్ల కాదని కూడా చెప్పారు, ఒకే మనిషి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరిగాడు కాబట్టి. తిన్నగా నడుస్తున్నామన్న నమ్మకం ఒక్కటే సరిపోదండీ.

సొంతదారి
సరే, నాచు సంగతి వదిలేస్తున్నా. కానీ దారి తప్పితే వాగు పట్టుకుని కిందికి దిగితే ఊరు వస్తుందన్నది మాత్రం నిజమే కదా? నీళ్లు పల్లానికే పోతాయి.

పేపర్_పులి
దయచేసి ఇది పాటించకండి, చదివే కొత్తవాళ్లు ఉంటారు. నీళ్లు నిజంగానే పల్లానికే పోతాయి, దారిలో వంద అడుగుల జలపాతం ఉన్నా దూకేస్తాయి, మనం దూకలేం. వాగు దిగేకొద్దీ ఒడ్లు నిటారుగా మారి, దిగిన మెట్టు మళ్లీ ఎక్కలేని చోటికి తీసుకెళ్తుంది. కింద జలపాతం, వెనక ఎక్కలేని బండ, మధ్యలో మనం. పైగా నీళ్ల హోరులో మన ఈల ఎవరికీ వినపడదు, లోయలో జీపీఎస్ కూడా సరిగా అందదు. వెతకడానికి వచ్చేవాళ్లకి కనబడాలంటే కొండ వెన్ను మీదో, తెరిచిన చోటో ఉండాలి.

గుట్టలగాలి
అన్ని వాగులూ ఒకలాంటివి కావు పులి గారూ. ఏటవాలు తక్కువగా ఉండే కొండల్లో వాగు పక్కనే బాటలు ఉంటాయి. మ్యాప్‌లో చూస్తే తెలుస్తుంది.

పేపర్_పులి
మ్యాప్ చూసి దిగితే అది ప్లాన్, చూడకుండా దిగితే అది ఆశ. మొదటిదానికి నాకు అభ్యంతరం లేదు. కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) వాగుని దాటే చోట ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉంటే అక్కడ గోడ ఉన్నట్టే, దూరదూరంగా ఉంటే దిగొచ్చు. వాగు లోయలో ఆ గీతల మొన ఎత్తు వైపు చూస్తుంది, కొండ వెన్ను మీద పల్లం వైపు చూస్తుంది. ఈ ఒక్క ముక్క నేర్చుకుంటే మ్యాప్ సగం చదవడం వచ్చినట్టే.

వానకోయిల
ఇంతకీ దారి ఎక్కువగా ఎక్కడ తప్పుతారు అని ఎవరూ మాట్లాడలేదు. నేను చూసినంతలో మూడే చోట్లు. ఒకటి, పాము మెలికల్లా తిరిగే ఎక్కుడు బాటలో మలుపు కనబడక తిన్నగా పోవడం, ముఖ్యంగా మలుపు మూలలో ఎవరో అడ్డదారి తొక్కి అక్కడో జాడ తయారుచేస్తే. రెండు, వాగు దాటాక. బాట అవతలి ఒడ్డున సరిగ్గా ఎదురుగానే మొదలవ్వాలని లేదు, వరదకి ఒడ్డు కోసుకుపోతే ఎగువకో దిగువకో జరిగి ఉంటుంది. మూడు, పెద్ద చెట్టు పడిపోయిన చోట. చుట్టూ తిరిగి వెళ్లినవాళ్లు చెట్టు అవతల అసలు బాట కలుపుకోవడం మర్చిపోతారు.

మబ్బులకొండ
నాలుగోది నేను కలుపుతాను, మాటల్లో పడినప్పుడు. ముందు నడిచేవాళ్లు కబుర్లలో ఉంటే వెనకవాళ్లు వాళ్ల వీపు చూసి నడుస్తారు, ఒక్కరూ బాట చూడరు. మేం ఇప్పుడు ముందు నడిచే మనిషిని మాట్లాడించం, అదొక్కటే మా గ్రూపు నియమం.

మేకలదారి
మా గ్రూపులో ఆ నియమం పెడితే ముందు నడవడానికి ఒక్కరూ ఒప్పుకోరు.

అడవిచీమ
నాకు నచ్చని పద్ధతి ఒకటి చెప్పనా. బాటల్లో రాళ్లు పేర్చి పెట్టడం. దారి కోసం పేర్చిన కుప్పలు వేరు, వాటి వల్ల మబ్బులో ప్రాణాలు నిలబడతాయి. కానీ ఈమధ్య ఫొటోల కోసం ఎక్కడ పడితే అక్కడ పేరుస్తున్నారు. ఒకసారి బండల మీద వాటిని పట్టుకుని పోతే ఒక వ్యూపాయింట్ అంచుకి తీసుకెళ్లి వదిలాయి. ఏది దారి చెప్పే కుప్పో, ఏది ఆటగా పేర్చినదో ఎలా తెలుస్తుంది?

మ్యాప్_మావయ్య
దారి కుప్ప ఒంటరిగా ఉండదు. ఒకదాని దగ్గర నిలబడితే తర్వాతది కనబడాలి, లేదా కొంచెం ముందుకెళ్తే కనబడాలి. ఒకేచోట ఐదారు ఉంటే అవి సరదా కుప్పలు. కాబట్టి తర్వాతది కనబడేదాకా ఇప్పుడున్నదాన్ని వదలొద్దు. ఇద్దరుంటే ఒకరు కుప్ప దగ్గర నిలబడి, రెండోవాళ్లు ముందుకెళ్లి వెతకాలి, మాట వినపడేంత దూరం దాటకూడదు, కనుచూపు తెగకూడదు.

సొంతదారి
గ్రూపు విడిపోకూడదని అందరూ మొత్తుకుంటుంటే మీరు విడిపొమ్మంటారేంటి.

మ్యాప్_మావయ్య
విడిపోవడం అంటే ఒకరికొకరు కనబడకుండా పోవడం. కనబడుతూ, వినబడుతూ ఉంటే అది విడిపోవడం కాదు, వెతకడం. అందరూ కలిసి తప్పుదారిలో పోవడం కంటే ఇది నయం. మబ్బు బాగా దట్టంగా ఉంటే మాత్రం ఇది కూడా వద్దు, ఆగిపోండి.

ఆఫ్‌లైన్_పక్షి
నేను గుర్తులు లేని చోట రంగు రిబ్బన్లు కట్టుకుంటూ వెళ్తాను, తిరిగొచ్చేటప్పుడు అవే చూసుకుంటాను. ఇందులో తప్పేముంది?

అడవిచీమ
తిరిగొచ్చేటప్పుడు విప్పేస్తారా?

ఆఫ్‌లైన్_పక్షి
ఎక్కువగా విప్పేస్తాను.

అడవిచీమ
మిగిలినవి చూసి మా లాంటివాళ్లు "ఓహో ఇదే బాట" అని మీ వెనక వస్తారు. మీరు ఏదో పొదలోంచి పువ్వు ఫొటో తీసుకోవడానికి వెళ్లిన దారి మాకు శిఖరానికి దారి అయిపోతుంది. జంతువులు ప్లాస్టిక్ నములుతాయి, చాలా రక్షిత అడవుల్లో ఇలా సొంతంగా గుర్తులు పెట్టడం నిషేధం కూడా. దయచేసి మానేయండి. ప్రతి చీలిక దగ్గరా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి చాలు. వచ్చేటప్పుడు మీకు కనబడేది ఆ దృశ్యమే, వెళ్లేటప్పుడు చూసింది కాదు.

ఆఫ్‌లైన్_పక్షి
వెనక్కి తిరిగి ఫొటో మంచి మాట. మానేస్తాను.

రాళ్లవాగు
వెనక్కి తిరగడంలో ఇంకో లాభం. చాలా బాటల్లో ఎదురుగా వచ్చేవాళ్ల కోసం చెట్టుకి అవతలి వైపు కూడా పెయింట్ వేస్తారు. మన వైపు గుర్తు మాసిపోయినా అటువైపుది బాగానే ఉండొచ్చు. అనుమానం వస్తే ముందు తల వెనక్కి తిప్పండి.

నడకబడి
గుర్తుల పద్ధతి తెలిసి ఉండటం కూడా ముఖ్యం, ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో 65 వేల కిలోమీటర్లకి పైగా కాలిబాటలకి ఒకటే పద్ధతి, మామూలు బాటకి పసుపు, కొండబాటకి తెలుపు-ఎరుపు-తెలుపు, కష్టమైన ఆల్ప్స్ బాటలకి తెలుపు-నీలం-తెలుపు. పసుపు బాట అనుకుని నీలం దాంట్లోకి వెళ్తే దారి తప్పకపోయినా తిప్పలు తప్పవు. అమెరికాలో అప్పలాచియన్ ట్రైల్ దాదాపు 3,500 కిలోమీటర్లు, పొడవునా 2 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు తెల్ల పట్టీలు. ఒకదానిమీద ఒకటి రెండు పట్టీలుంటే మలుపో చీలికో ఉంది, చూసుకో అని. అక్కడ నడిచేవాళ్లకి ఒక నియమం చెబుతారు, పావు మైలు, అంటే 400 మీటర్లు, నడిచినా గుర్తు కనబడకపోతే ఆగి, చివరి గుర్తు దాకా వెనక్కి రమ్మని. గుర్తులు పలచగా ఉండే బాటలో ఆ దూరం ఎంత ఉండాలో మొదట్లోనే మనం నిర్ణయించుకోవాలి. మొదటి గంటలో గుర్తుకీ గుర్తుకీ మధ్య దూరం ఎంత వస్తోందో గమనిస్తే తెలిసిపోతుంది.

నిదానం
ఈ దారంలో (థ్రెడ్ అనండి) నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది నడకబడి గారి మాటే. దారి తప్పడం ఒక చోట జరగదు. చివరి గుర్తు దాటాక "ఇంకొంచెం ముందుకెళ్తే దొరుకుతుందిలే" అని నడిచే ప్రతి అడుగులో కొంచెం కొంచెంగా జరుగుతుంది. మనసు ఎలాంటి పనులు చేస్తుందో చూడండి. మ్యాప్‌లో వాగు ఉండాలి, ఎదురుగా లేదు. వెంటనే "ఎండిపోయి ఉంటుంది" అంటాం. బాట ఎక్కాలి, దిగుతోంది. "ఇక్కడ కాస్త దిగి మళ్లీ ఎక్కుతుందేమో" అంటాం. ఇలాంటి సర్దుబాట్లు రెండు వరసగా చేసుకున్నామంటే మనం తప్పుదారిలో ఉన్నట్టే లెక్క. అందుకే నేను చీలిక దాటేముందు గట్టిగా, అందరికీ వినబడేలా చెబుతాను, "ఇది సరైన దారైతే పది నిమిషాల్లో ఎడమవైపు లోయ కనబడాలి" అని. పది నిమిషాలకి లోయ కనబడలేదా, వాదన లేదు, వెనక్కి. ముందే మాట అనుకుంటే అప్పుడు వెనక్కి తిరగడానికి ఎవరి అహమూ అడ్డురాదు.

ఎర్రబూట్లు
ఆ చివరి వాక్యం కోసమైనా ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషంగా ఉంది. మాలో ఒకరు ఇప్పటికీ "కుడిబాట పట్టుకుని ఉంటే చేరేవాళ్లం" అంటున్నారు.

వానకోయిల
ఆ ఒకరు ప్రతి గ్రూపులోనూ ఉంటారు, ప్రతి బాట మీదా అదే మాట అంటారు.

పేపర్_పులి
టైం లెక్క కూడా ముందే వేసుకోండి. 1892లో స్కాట్లాండ్ కొండల మనిషి విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు, ఈనాటి కొలతల్లో ఉజ్జాయింపుగా గంటకి 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట. అంటే 10 కిలోమీటర్ల దూరం, 900 మీటర్ల ఎక్కుడు అయితే మూడున్నర గంటలు. అది ఆగకుండా, మంచి బాట మీద నడిచే గట్టి మనిషి లెక్క. గుర్తులు లేని బాటకి నేను సగం మళ్లీ కలుపుతాను, దారి వెతుక్కోవడానికి పోయే టైం అది. ఇంకా శిఖరం చేరినా చేరకపోయినా ఫలానా టైంకి వెనక్కి అని బయల్దేరే ముందే చెప్పుకోవాలి.

చుక్కలరాత్రి
చేయి చాచి సూర్యుడి కింద నేల అంచు దాకా వేళ్లు అడ్డంగా పెట్టి కొలిస్తే, పొద్దు గుంకడానికి వేలికి దాదాపు 15 నిమిషాలు. సూర్యుడు దిగేది కొండ వెనక్కైతే కొండ అంచు నుంచి కొలవండి, లోయలో చీకటి ముందే పడుతుంది. చీకటి పడ్డాక బాట కనబడకపోతే హెడ్‌ల్యాంప్ తల మీంచి తీసి నడుము దగ్గర పట్టుకోండి. వెలుగు కిందినుంచి ఏటవాలుగా పడి గుంటలు, అరిగిన నేల నీడలతో తేలి కనబడతాయి.

అడవిచీమ
చీకట్లో నిజంగా తప్పిపోయామని తెలిస్తే నడవొద్దు. ఉన్నచోటే ఆగి, ఉన్న బట్టలన్నీ వేసుకుని, తెల్లారేదాకా ఉండాలి. వెతికేవాళ్లకి ఆగిన మనిషి దొరికినంత తేలిగ్గా నడిచే మనిషి దొరకడు. ఇది పనిచేయాలంటే మనం ఎక్కడికి వెళ్లామో, ఎప్పటికి రావాలో కింద ఒకరికైనా తెలిసి ఉండాలి.

రాళ్లవాగు
సిగ్నల్ ఒక గీత ఉండి కాల్ కలవకపోయినా మెసేజ్ పోవచ్చు, ఎత్తుకి వెళ్లి ప్రయత్నించండి. చాలా దేశాల్లో ఆపద నంబరు 112 పనిచేస్తుంది, మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే కలవొచ్చు. ఉన్న చోటు చెప్పేటప్పుడు జాగ్రత్త, చాలామంది ఇక్కడ తడబడతారు. ఫోన్ అక్షాంశం 17.50 డిగ్రీలు అని చూపిస్తే అది 17 డిగ్రీల 30 నిమిషాలు, 17 డిగ్రీల 50 నిమిషాలు కాదు. అలా తప్పుగా చదివితే 37 కిలోమీటర్ల తేడా వస్తుంది. "పదిహేడు పాయింట్ ఐదు సున్నా" అని అంకెలు విడివిడిగా చదవండి, పాయింట్ తర్వాత నాలుగు అంకెలు చెబితే 11 మీటర్ల దాకా ఖచ్చితంగా దొరుకుతుంది.

నడకబడి
అదే పద్ధతి గుర్తులు లేని చోటు గురించి ఫిర్యాదు చేయడానికి కూడా పనికొస్తుంది. "పైన ఎక్కడో గుర్తులు లేవు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. చీలిక ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు, రెండు వైపుల నుంచీ రెండు ఫొటోలు, ఏ బాట సరైనదో ఒక వాక్యం రాసి ఆ బాట చూసుకునేవాళ్లకి పంపండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అయితే మనమే సరిదిద్దొచ్చు, 2004 నుంచి ఆ ఆన్‌లైన్ మ్యాప్ జనం చేతుల మీదే నడుస్తోంది, బాట ఎంత స్పష్టంగా కనబడుతుందో రాసే ట్యాగ్ కూడా అందులో ఉంది. చాలా యాప్‌లు గీతలు తెచ్చుకునేది అక్కడినుంచే.

ఎర్రబూట్లు
రాతిగోడ గీత సంగతి అక్కడ రాస్తాను, తీసేస్తే ఇంకొకళ్లు ఎక్కకుండా ఉంటారు. అడవిచీమ గారూ, ఈల గురించి పులి గారు పైన అన్నారు, ఎన్నిసార్లు ఊదాలి?

అడవిచీమ
ఆల్ప్స్ పద్ధతి అయితే నిమిషానికి ఆరుసార్లు, తర్వాత నిమిషం ఆగడం, మళ్లీ ఆరు. జవాబు ఇచ్చేవాళ్లు నిమిషానికి మూడుసార్లు ఊదుతారు. ఉత్తర అమెరికాలో మూడుసార్లు ఊదడమే ఆపద గుర్తు. మధ్యలో ఆగడం మర్చిపోవద్దు, ఆగితేనే జవాబు వినబడుతుంది.

మేకలదారి
ఫోన్ ఫ్లాష్‌లైట్‌తో కూడా అదే లెక్కా?

అడవిచీమ
అదే లెక్క, వెలుగుకీ అరుపుకీ కూడా. ఫోన్ చార్జ్ తక్కువుంటే ఈలే వాడండి, చాలా బ్యాగుల ఛాతీ పట్టీ బకిల్‌లో చిన్న ఈల ఉంటుంది, మీ బ్యాగుకి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.